సూరమ్మ పేరున్న సీసా

ఉదయం 7.42. వుడ్‌ల్యాండ్స్ మెట్రో స్టేషన్ మెట్ల మీద కూలిపోయిన ఆకాష్ మళ్ళీ లేవలేదు. ఇరవై ఏడేళ్ళు!

వంశపారంపర్య కొలెస్ట్రాల్ జబ్బని పోస్ట్‌మార్టమ్‌లో తేలింది. ముందే తెలిసుంటే రోజుకో మాత్రతో నిక్షేపంలా బతికేవాడు.

తెలిసుండాల్సిందే. మూడేళ్ళ కిందట ఓ జన్యు సర్వే వాళ్ళు ఇంటికొక పెద్దవారి ఉమ్మి పరీక్షించారు. జబ్బు కనిపిస్తే మనవల దాకా అందర్నీ పిలిచేవారు. ఆకాష్ నాయనమ్మ సూరమ్మ రిపోర్టు క్లీన్. ఎవర్నీ పిలవలేదు.

"ల్యాబ్‌లోనే సీసాలు మార్చేశారు. నా బిడ్డని చంపినవాడెవడో నాకు తెలియాలి!" అని తల్లి కుమారమ్మ ఫిర్యాదు చేసింది. టెక్నీషియన్ వికాస్ సస్పెండయ్యాడు. దర్యాప్తు సర్వే ఆఫీసర్ అరుంధతి నెత్తిన పడింది.

సాయంత్రం 4.10. కుమారమ్మ ఫ్లాట్. అరుంధతి వెంట వచ్చిన వికాస్ గోడవారన తల వంచుకుని కూర్చున్నాడు.

"కిట్ ఎవరు తెచ్చారు ఆంటీ?"

"పోస్ట్‌లో వచ్చింది."

"సీసాలో ఉమ్మేటప్పుడు నర్సుందా?"

"లేదు. ఇంట్లోనే కదా."

"తిరిగి పంపిందెవరు?"

"నేనే."

సూరమ్మ వచ్చింది. చెంబు పైకెత్తి, పెదవికి తగలకుండా గటగటా నీళ్ళు పోసుకుని లోపలికెళ్ళింది. ఆ మడిమనిషి సీసాలో ఉమ్మి పరాయివాళ్ళకి పంపుతుందా?

అరుంధతి ప్రాణం ఉసూరుమంది. తప్పు ల్యాబ్‌దే అయితే ఎంత బావుండు!

"ఫ్రీజర్‌లో మిగిలిన శాంపిల్‌ని ఆకాష్ డీఎన్‌ఏతో పోల్చాం. నాయనమ్మదైతే పావు వంతు కలవాలి. సరిగ్గా సగం కలిసింది ఆంటీ. అది కన్నతల్లిది."

వికాస్ తలెత్తాడు. కుమారమ్మ మొహంలో నెత్తురు లేదు.

"ఎంగిలి సీసాలో పట్టి పంపుతానా అని అత్తయ్య ఒకటే గోల. సర్వే వాళ్ళేమో రోజూ ఫోన్లు. పోనీలే, ఒకింటి వాళ్ళమే కదా, ఎవరిదైతేనేం అని..."

"మీరు కోడలు ఆంటీ. ఆ జబ్బు తండ్రి వైపునుంచి, మీ అత్తగారి రక్తంలోంచి వచ్చింది. మీలో ఎలా దొరుకుతుంది?"

"ఇంకొక్కసారి టెస్ట్ చేయించండమ్మా." ఆవిడ అరుంధతి చేతులు పట్టుకుంది. "ఎక్కడో పొరపాటు జరిగుంటుంది. మీ కాళ్ళకి దణ్ణం పెడతా!"

అప్పటికే రెండుసార్లు చేయించింది అరుంధతి.

లోపల్నించి సూరమ్మ కేకేసింది.

"ఏమే కుమారీ, దొరికాడా నా మనవణ్ణి చంపినవాడు?"