మైనస్ తొమ్మిది కాదు

“ఎనిమిది. పైన చిన్నగా మైనస్ రెండు బై మూడు. జవాబు, ఒకటి బై నాలుగు.” అంతవరకు చదివి ఆమె ఆగిపోయింది.

“ఊఁ, తర్వాతది,” అన్నాను.

“ఉండు, చేసి చూస్తున్నా. ఎనిమిదికి ఘనమూలం రెండు. దాని వర్గం నాలుగు. మైనస్ ఉంది కాబట్టి కిందికి దిగింది. సరిపోయింది.”

నాకు ఒళ్లు మండింది. ప్రెస్సులో మా పని తేలిక. రచయిత రాసింది ఆమె పైకి చదవాలి, ప్రూఫులో అలాగే ఉందో లేదో నేను చూడాలి. లెక్కలు చేయమని ఎవరూ చెప్పలేదు. అయినా ఘాతాంకాల పాఠం మొదలైనప్పటి నుంచి ఈ మహాతల్లి ప్రతి లెక్కా చేసి చూస్తోంది.

బయట ముసురు. కింద యంత్రాలకు అప్పుడే బేరం కుదిరిపోయింది. లెక్కల మాస్టారు రాసిన ఈ బడి పుస్తకం పూర్తయితే ప్రెస్ మూత. ఆ వెంటనే ఆమె వాళ్లక్క ఉండే ఊరికి వెళ్లిపోతుంది; అక్కడ వాళ్ల బావ ఉద్యోగం చూశాడు. రెండేళ్లు ఎదురెదురుగా కూర్చుని ఆమె గొంతు వింటూ కూడా, నా మనసులో మాట ఒక్కసారీ చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం?

“ఇరవై ఏడు. పైన మైనస్ రెండు బై మూడు. జవాబు, మైనస్ తొమ్మిది.”

“ఇక్కడా మైనస్ తొమ్మిదే. తర్వాతది చదువు.”

“తప్పు. ఒకటి బై తొమ్మిది రావాలి. పైన మైనస్ ఉంటే సంఖ్య కిందికి వెళ్తుంది గానీ, జవాబు మైనస్ అవదు.”

“రాసింది మాస్టారు. మధ్యలో మనకెందుకు?”

“పిల్లలు తప్పు నేర్చుకుంటారు.”

“నేర్చుకుని నీ మీదకి గొడవకొస్తారా? త్వరగా కానివ్వు తల్లీ.”

ఆమె కాగితాలు బల్ల మీద పెట్టేసింది. “నన్నెప్పుడు పంపించేద్దామా అని ఉందా నీకు? నాలుగు రోజులైనా సాగుతుందని నేను లెక్కలు చేస్తూ కూర్చుంటే, నువ్వేమో తరుముతున్నావ్.”

నేనూ ప్రూఫు పక్కన పెట్టాను.

“సాగదీసి ఏం చేస్తాం? ఎలాగూ వెళ్లిపోతావ్. రోజూ నిన్ను చూస్తూ, ఇంకెన్ని పేజీలున్నాయా అనుకోవడం నావల్ల కావట్లేదు. అదేదో అయిపోతే ఒక్కసారే ఏడవొచ్చు కదా అని.”

“ఏడవడం దేనికి?”

“నువ్వంటే ఇష్టం కాబట్టి.”

నవ్వుతుందనుకున్నాను. కళ్లు తుడుచుకుంది.

“ఈ ముక్క చెప్పడానికి ప్రెస్ మూతపడాల్సి వచ్చిందా?”

“ఉండిపొమ్మని అడిగే మొహం లేదు నాకు. ఇది పోతే నాకూ పని లేదు.”

“అడిగి చూడు.”

“వెళ్లకు.”

ఆమె ఫోన్ తీసింది. “అక్కా, నేను రావట్లేదు,” అంది. ఆ తర్వాత చాలాసేపు కిటికీ వైపు తిరిగి, ఊఁ కొడుతూ నిలబడింది.

“ఏమంటున్నారు?” అని మెల్లగా అడిగాను.

“ఏడుస్తోంది. ఉద్యోగం లేకుండా, ఎవర్ని చూసుకుని ఉంటావే అక్కడ అంటోంది.” ఫోన్ నా చేతిలో పెట్టింది. “నువ్వే చెప్పు.”

ఫోన్ చెవికి ఆనించాను. అవతల ఆవిడ వెక్కిళ్లు వినిపిస్తున్నాయి.

“నన్ను చూసుకునేనండీ,” అన్నాను.