లోపలి గడియ

మధ్యాహ్నం మూడింటికి లెక్కల మాస్టారు ఆ ఇంటి మెట్లెక్కాడు. తలకి రంగు, చొక్కాకి అత్తరు, చేతిలో చాక్లెట్ల పొట్లం. ఫోన్లో పరిచయమైన పదమూడేళ్ల పిల్ల, ఇంట్లో ఎవరూ లేరని రాసింది. రోజూ బడి ప్రార్థనలో నీతులు చెప్పే ఈ పెద్దమనిషికి, తప్పన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఎవరైనా చూస్తారేమోనని మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

తలుపు ఓరగా వేసి ఉంది. లోపల కర్టెన్లు దించేసి ఉన్నాయి. కొత్త రంగుల వాసన. దాని కింద ఎక్కడో, తడిసిన సుద్దముక్కల వాసన...

"లోపలికి రండి మాస్టారూ," అంది పక్కగదిలోంచి ఓ సన్నటి గొంతు.

మురిసిపోయి కుర్చీలో కూర్చున్నాడు. ఆ పిల్లకి తాను ఇంజనీరునని రాసిన సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

వంటగది తలుపు తోసుకుని, మొహానికి పౌడరు దట్టించిన టీవీ యాంకరు వచ్చాడు. వెనకే రెండు కెమెరాలు. పిల్ల పేరుతో ఇన్నాళ్లూ రాసింది తమ మనిషేనని తాపీగా చెప్పాడు. మాస్టారి మొహం మాడిపోయింది. పిల్లకి బుద్ధి చెప్పిపోదామని వచ్చానన్నాడు. మరి అత్తరు కూడా అందుకేనా అని కెమెరామన్ అడిగితే అందరూ నవ్వారు. పెళ్లీడు కూతురుంది, పరువు పోతుందని కాళ్లావేళ్లా పడ్డాడు. ఎంతసేపూ తన పరువే.

"అసలా పిల్లే లోపలికి రమ్మంది. పక్కగదిలోనే ఉంది, అడగండి."

యాంకరు నవ్వు ఆగిపోయింది. పిల్ల గొంతుతో పిలిచే ఉద్యోగిని అతని వెనకే నిలబడి ఉంది. పొద్దుటినుంచి ఆమెకి గొంతు పట్టేసింది. అందుకే ఇవాళ పిలుపు లేకుండా తలుపు తీసి ఉంచారు. పక్కగదిలో వైర్ల చుట్టలు తప్ప ఏమీ లేవు.

"ఎవరు... పిలిచారు?" గుసగుసగా అడిగాడు యాంకరు.

పక్కగదిలో చిన్న పాదాల చప్పుడు. ఆగింది.

"అప్పుడు మీరు పెట్టారు కదా మాస్టారూ... ఈసారి గడియ నేను పెడతాను."

ఎన్నో ఏళ్ల కిందట. సెలవు రోజు. బడిలో సుద్దముక్కలు దాచే సామాన్ల గది. ఓ పిల్లని లోపలికి పిలిచి మాస్టారే గడియ పెట్టాడు. మర్నాడు ఆ పిల్ల బావిలో తేలింది. ఎందుకని ఎవరూ అడగలేదు. మాస్టారూ నోరు విప్పలేదు.

కెమెరామన్ వెళ్లి చూశాడు. గదిలో ఎవరూ లేరు.

పోలీసులు రాగానే మాస్టారే చేతులు చాపాడు. "తొందరగా తీసుకెళ్లండి బాబూ... ఎక్కడైనా పెట్టి తాళం వేసేయండి."

వేశారు. లాకప్‌లో ఒక్కడే. బయట తాళం పడ్డాక ఊపిరి పీల్చుకున్నాడు. ఇక ఎవరూ రాలేరు.

తడిసిన సుద్దముక్కల వాసన వచ్చింది.

ఆ ఇనుప తలుపుకి లోపలివైపు గడియ లేదు. అయినా అది పడిన చప్పుడు, బయట బల్ల మీద కూర్చున్న కానిస్టేబుల్‌కి స్పష్టంగా వినిపించింది.