పచ్చ మీట

అక్షరాలు ఆలస్యంగా పట్టుబడిన చేయి ఇది. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే నెల పట్టింది.

ఆ ఉదయం కూడా ఆ ఇంటి పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని పేపరు తిరగేస్తోంది. నిజానికి చదువు రాదు. భర్త ఉన్నన్నాళ్లూ ఆయనే చదివి వినిపించేవాడు. ఆయన పోయి కొడుకు ఇంటికి వచ్చాక, మందుల షాపులో పనిచేసే కోడలి ముందు చిన్నబోలేక పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. అమ్మ పరువని లారీ మీద తిరిగే కొడుకూ నోరు మెదపలేదు.

మనవరాలికి పదకొండేళ్లు. ట్యాబులో ఆటలాడుతూ ఎవరెవరితోనో మాట్లాడుతోందని కోడలు ఒక కాపలా యాప్ వేయించింది. కృత్రిమ మేధతో పనిచేసే ఆ యాప్, పిల్లకు వచ్చే మాటల్లో తేడా కనిపెడితే పెద్దవాళ్లను అడుగుతుంది. షాపులో ఫోను తీయనివ్వరు కనుక ఆ కబురు అత్తగారి ఫోనుకు వచ్చేలా పెట్టింది. వస్తే చదివి చూడమంది. ఆవిడ తలూపింది.

మూడుసార్లు కబురు వచ్చింది, కింద ఒక పచ్చ మీట, ఒక ఎర్ర మీట. ఎర్ర మీట నొక్కితే ఏం పాడవుతుందోనని మూడుసార్లూ పచ్చదే నొక్కింది.

ఆ రోజు ఆటలో పరిచయమైన అవతలివాడు పిల్లను ఫోటో అడిగాడు. పంపబోతుంటే యాప్ ఈసారి ఎవరినీ అడగకుండా ఆపేసి, ట్యాబుకు తాళం వేసింది. సాయంత్రం తల్లి రాగానే పిల్ల ఏడుస్తూ చెప్పేసింది.

కోడలు యాప్ తెరిచి చూసింది, గొంతు పెంచలేదు. "ఈ మనిషి మీకు తెలుసా అని యాప్ మూడుసార్లు అడిగింది. తెలుసన్నారు. ఎవరత్తయ్యా వాడు?"

ఏదో సర్దిచెప్పబోయింది ఆవిడ. ఇంతలో పిల్ల వెక్కుతూ, "నానమ్మ సరే అందని ట్యాబులో వచ్చింది. అందుకే మాట్లాడాను" అంది.

ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"నాకు చదవడం రాదమ్మా. ఒక్క అక్షరం కూడా."

"మరి రోజూ పేపరు?"

"బొమ్మలు చూస్తాను."

కోడలు పక్కన కూలబడి, "చెబితే కొరుక్కు తింటానా అత్తయ్యా? నేనూ ఒక్కసారైనా అడగలేదు, ఏమైనా వచ్చాయా అని" అంటూ కళ్లు తుడుచుకుంది.

యాప్ దాచి ఉంచిన మాటలన్నీ మర్నాడు పోలీసులకు ఇచ్చారు. ఆదివారం మనవరాలు పాత నోటుబుక్కు తెచ్చి, ముందు నీ పేరు రాద్దామంది. ఆవిడ వద్దని, ఆ నాలుగు మాటలే నేర్పమంది: ఈ మనిషి మీకు తెలుసా.

మిగతా అక్షరాలూ నేర్చుకుని ఇప్పుడు కూడబలుక్కుని చదవగలదు, రాయగలదు. ఆ నాలుగింటిలో చివరి మాట దగ్గర మాత్రం ఇప్పటికీ ఆగి, మనవరాలి వైపు చూస్తుంది.

— కళ్లజోడు నానమ్మ, అరవై ఏడేళ్లు. ఉండేది కొడుకు ఇంట్లోనే. మంచం మాత్రం ఇప్పుడు మనవరాలి గదిలో.