గోడ మీద రెండు దెబ్బలు

సుధీర్ గిటారు చేతికి తీసుకుని పది నిమిషాలైందో లేదో, గోడ అవతలి నుంచి మళ్లీ వినిపించింది. టక్ టక్.

వారం రోజులుగా ఇదే వరస. ప్రొద్దుటూరులో ఈ అద్దె గది దొరకడానికే అతనికి నెల పట్టింది. గిటారు అనగానే సగం మంది ఇంటివాళ్లు మొహం మీదే తలుపేశారు. తీరా దొరికిన గదికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ, అదీ సన్నటిది. పాపం, మెల్లగా వాయించాడు. టక్ టక్. తీగల కింద గుడ్డ దోపి మరీ వాయించాడు. అయినా టక్ టక్.

ఎనిమిదో రోజు ఓపిక నశించి, పోయి పక్కింటి తలుపు కొట్టాడు. తీసిన అమ్మాయి జడ అల్లుకుంటూ సగంలో ఆగింది.

"ఏంది మేడం, రోజూ గోడ కొడతాండారు? ఇంకా మెల్లగా అంటే గిటారు పెట్టెలో పెట్టి వాయించాల."

"సౌండు గురించి ఎవరన్నారు?" అందామె. "మీరు రోజూ ఒకే చోట తప్పు పోతాండారు."

"తప్పా?"

"స గ మ ప ని. ఐదు స్వరాలు, శుద్ధ ధన్యాసి, బాగానే పట్టుకున్నారు. మ దాటి ప రాకముందే ఒక దొంగ స్వరం దూరుస్తాండారు. మా ఇంట్లో ఎవరు తప్పు పలికినా నాన్న రెండు దెబ్బలేస్తాడు. ఆ అలవాటు నాకూ వచ్చింది."

"అది ధన్యాసి గాదు మేడం, మైనర్ పెంటటానిక్ స్కేల్. మీరు దొంగ అన్నారే, దాన్ని బ్లూ నోట్ అంటారు. బ్లూస్ పాటలకు ఉప్పు అదే."

"పేరేదైనా ఐదే గదా. ఉప్పు శానా ఎక్కువేస్తాండారు," అని నవ్వింది. పోట్లాడదామని వచ్చినవాడు ఏం పోట్లాడాలో మరచిపోయి, "సరే మేడం" అని వెనక్కి వచ్చేశాడు.

ఆమె పేరు అనఘ. పిల్లలకు సంగీతం చెబుతుంది. తండ్రి వేదవ్యాస, రిటైరైన బడి అయ్యవారు, వసారాలో పేపరు వెనకాల ఉంటారు. ఆ తర్వాతి మూడు నెలల్లో ఆయన సుధీర్‌తో మాట్లాడింది మూడు సార్లు, మూడు సార్లూ కరెంటు గురించే.

సుధీర్‌కు విత్తనాల కంపెనీలో ఫీల్డు పని. సోమవారం జమ్మలమడుగు, బుధవారం పులివెందుల, మిగతా రోజులు చుట్టుపక్కల పల్లెలు. రాజుపాలెంలో శనగ పండించే తండ్రి ఆదినారాయణకు కొడుకు గిటారు సంగతి తెలుసు గానీ, అది త్వరలో తగ్గిపోయే జబ్బు అనుకుంటున్నాడు. నిజానికి తగ్గలేదు, ముదిరింది. ఫోన్లో పాఠాలు చూసి ఆ ఐదు స్వరాలను గిటారు మెడ పొడుగునా కంఠతా పట్టేశాడు. కానీ వెనక వాయిద్యాల ట్రాకు పెట్టి, నీ సొంతంగా వాయించు అంటే మాత్రం పైకి ఎక్కడం, కిందికి దిగడం. ఆపైన చేతులు రావు. జమ్మలమడుగులో ఒక స్నేహితుడి రిసెప్షన్‌లో వాయిస్తుంటే వెనక కుర్చీల్లోంచి ఎవరో అడిగారు: "ఏందప్పా, మెట్లు కడుగుతాండావా?" ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

ఒకరోజు అతను ఈ సంగతి చెబితే అనఘ చాలాసేపు నవ్వింది, తర్వాత నవ్వడం మానేసి అడిగింది.

"మీరు మాట్లాడేటప్పుడు అ ఆ ఇ ఈ అని వరసగా ఒప్పజెప్తారా?"

"లేదు."

"మరి వాయించేటప్పుడు ఎందుకు? ముందు నోటితో పాడండి. పాడిందే వాయించండి. ఊపిరి యాడ తీసుకుంటే ఆడ ఆపండి."

"నాకు పాట రాదు."

"మాట వచ్చు గదా. చాలు."

అట్లా మొదలైంది. సాయంత్రాల్లో ఆమె గోడ అవతల రెండు ముక్కలు పాడేది, ఇతను ఇవతల జవాబు వాయించేవాడు. అబద్ధంగా పలికితే టక్ టక్. బాగుంటే ఏమీ ఉండదు, ఉత్త నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కోసం వేళ్లు కాయలు కాచేదాకా సాధన చేశాడు. తీగను పక్కకు లాగి స్వరాన్ని వంచడం నేర్చుకున్న రోజు, "ఇది మా గమకమే గదా!" అని గోడ అవతలి నుంచి కేక వచ్చింది. ఒకనాడు వాన చినుకుల్లో ఆమె కూనిరాగం తీస్తూ తనకు తెలియకుండానే ఆ దొంగ స్వరాన్ని ముట్టుకుంది. సుధీర్ వెంటనే గోడ మీద రెండు దెబ్బలేశాడు. అవతల నవ్వు ఎంతకీ ఆగలేదు. అతనికి ఆమె అంటే ప్రాణమని ఆ నవ్వు దగ్గరే తెలిసిపోయింది.

తెలిస్తే సరిపోతుందా, చెప్పాలి. అక్కడే మళ్లీ మెట్లు.

ఈలోగా అనఘకు పులివెందులలో ఒక స్కూల్లో సంగీతం టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి, ఉండడం కూడా అక్కడే. శనివారం జమ్మలమడుగులో మేనత్త వెంకటసుబ్బమ్మను చూసి రావడానికి పోతూ, "ఆదివారం ఏడింటికి వస్తా" అని చెప్పింది. సోమవారం నుంచి గోడ అవతల ఎవరూ పాడరు. చెప్పేదేదో ఆదివారం ఏడుకు చెప్పాలి.

ఆదివారం ఐదింటికి వాన మొదలైంది. సుధీర్ గది తలుపేసుకుని, గోడకెదురుగా నిలబడి సాధన మొదలుపెట్టాడు. ఈసారి గిటారు లేదు.

"అనఘా, మీరంటే నాకు శానా గౌరవం."

టక్ టక్.

సుధీర్ తలుపు వైపు ఒక అడుగు వేశాడు. అప్పుడే వచ్చేసిందా? విన్నదా? పారిపోదామంటే బయట వాన. సరే, విన్నది ఎట్లాగూ విన్నది, అని గొంతు సవరించుకున్నాడు.

"మన స్నేహం ఎప్పటికీ ఇట్లే ఉండాలని..."

టక్ టక్.

కళ్లు మూసుకున్నాడు. ఊపిరి తీసుకునే చోట ఆగాడు.

"నువ్వంటే నాకు ఇష్టం. నువ్వు పోతే ఈ గోడతో నేనేం మాట్లాడాల?"

గోడ పలకలేదు. నిమిషం గడిచింది, రెండు గడిచాయి. ఆ నిశ్శబ్దం అతనికి బాగా తెలిసినదే. వానను కూడా లెక్కచేయకుండా బయటికి పరుగెత్తాడు.

సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. అనఘ బ్యాగు నెత్తిన పెట్టుకుని దిగింది. "వానకు భయపడి ముందు బస్సే ఎక్కినా. మీరేంది, తడుస్తాండారు?"

సుధీర్ ఆమెనూ, పక్కింటి తలుపునూ మార్చి మార్చి చూశాడు. ఈమె ఇక్కడుంటే గోడ తట్టిందెవరు?

వసారాలోకి వేదవ్యాస గారు వచ్చారు. చేతిలో పేపరు లేదు.

"అప్పా సుధీరూ, మొదటి రెండూ అపశ్రుతి. మూడోది శ్రుతిలో ఉంది."

"మూడోదేంది నాన్నా?"

"నన్నడిగితే ఎట్లమ్మా? పలికినోడు ఎదురుగానే ఉన్నాడు. నీకూ సరేననిపిస్తే చెప్పు, రాజుపాలెం పోయి వాళ్ల నాయనతో మాట్లాడతా." కూతురి బ్యాగు అందుకుని ఆయన లోపలికి పోయారు.

అనఘ సుధీర్ వైపు తిరిగింది. జడ చివర నుంచి నీళ్లు కారుతున్నాయి. అతను ఈసారి వరస గుర్తు తెచ్చుకోలేదు.

"నువ్వంటే నాకు ఇష్టం, అనఘా."

ఆమె పక్కనున్న వసారా గోడ మీదికి చెయ్యెత్తి వేళ్లు ముడిచింది. ముడిచిన వేళ్లు గోడకు ఆని అట్లే ఉండిపోయాయి. ఒక్క దెబ్బ కూడా పడలేదు.

చెయ్యి దించకుండానే ఆమె అడిగింది. "బుధవారం పులివెందుల కదూ నీకు?"

"ప్రతి బుధవారం."

"గిటారు కూడా తీసుకురా."