ఒకసారి వద్దంటే వద్దే

మేజర్ హాతిమ్ షలబీ తన సర్వీసులో రెండుసార్లు తుపాకి గుండు తిన్నాడు, ఒకసారి విషం తాగాడు. కానీ జర్మన్ క్లాసుకి వెళ్లమని అంతవరకూ ఎవరూ ఆయన్ని అవమానించలేదు.

“లెవెల్ ఏ-టూ,” అన్నాడు కర్నల్ వగ్దీ, కాఫీ చప్పరిస్తూ.

“అంటే ఏంటి సార్?”

“టిక్కెట్టు అడగడం వస్తుంది, రైలు ఎందుకు లేటైందో చెప్తే అర్థం కాదు. నీకు అతికినట్టు సరిపోతుంది.”

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. అలెగ్జాండ్రియా రేవుకి నీటి అడుగున కాపలా కాసే యంత్రాన్ని తయారుచేసిన ఇంజనీరు సమీహా కందీల్ వచ్చే నెల ట్రైనింగుకి జర్మనీ వెళ్తోంది. అందుకే యూనివర్సిటీలో సాయంత్రం క్లాసులకి వస్తోంది. ఆ యంత్రం గుట్టంతా ఆమె బుర్రలోనే ఉంది. ఒక విదేశీ ముఠా ఆమెని ఎత్తుకుపోవాలని చూస్తోంది. ముఠా మనిషి ఆ క్లాసులోనే ఉన్నాడు. కోడ్ నేమ్ పావురం.

“నీ వేషం పళ్ల డాక్టరు. పావురాన్ని పట్టాలి. అమ్మాయి వాళ్ల చేతికి చిక్కిందంటే మళ్లీ ప్రాణాలతో కనబడదు. క్లాసు చెప్పే ఇల్కె బ్రాంట్ జర్మన్ వాళ్లు పంపిన ఏజెంటు, మన మనిషే. ఆవిడ చెప్పినట్టు విను.”

“ఆవిడ గురించి వాకబు చేశారా సార్?”

“కాగితాలన్నీ ఆవిడే తెచ్చిచ్చింది కదయ్యా!”

ఇదీ మా నిఘా విభాగం తెలివి. దొంగే తాళం పట్టుకొచ్చి ఇస్తే రసీదు రాసిచ్చే రకాలు.

గాడ్జెట్ల గదివాళ్లు హాతిమ్‌కి రెండు వస్తువులిచ్చారు. ఒకటి జర్మన్ జవాబులు అందించే చెవి మిషన్. మొదటి రోజే అందులో టాక్సీవాళ్ల తగువులు వినబడ్డాయి. రెండోది మత్తుమందు చిమ్మే పెన్ను. అది కళ్లలో పడితే ఎంతటివాడైనా కూలబడతాడట.

బయల్దేరుతుంటే కర్నల్ భుజం తట్టాడు. “పనయ్యాక ఇంటికి రావోయ్. మా ఆవిడ చేత బాతు వండిస్తా, కలిసి భోంచేద్దాం.”

హాతిమ్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “మీ ఇల్లు చల్లగా ఉండాలి సార్. అమ్మగారికి శ్రమ ఎందుకు?”

కర్నల్ ఎంగిలిచేత్తో కాకిని కూడా విదల్చడు. ఆ బాతు భోజనానికి ఆఫీసులో అందరికీ పిలుపు అందింది, బాతుని చూసినవాడు మాత్రం లేడు. మేం దీన్ని పడవవాడి పిలుపు అంటాం. నది మధ్యలో అన్నం తింటున్న పడవవాడు, గట్టు మీద వెళ్తున్నవాణ్ణి “రా బాబూ, తిందువుగాని” అని కేకేస్తాడు. పిలవడం మర్యాద. వెళ్లకపోవడం అంతకంటే మర్యాద.

క్లాసులో సగం మంది డాక్టర్లు, సగం మంది ఫార్మసిస్టులు. అందరికీ ఒకటే రోగం, వీసా. పుస్తకంలో పీటర్, మోనికా అనే ఇద్దరు దద్దమ్మలు మూడు పాఠాలుగా స్టేషన్‌కి దారి అడుగుతూనే ఉన్నారు. నిన్నటిదాకా రోగుల పొట్టలు కోసిన సర్జను లేచి నిలబడి, “నేను... ఆదివారం... ఈత... ఇష్టం” అని చెమటలు కక్కుతున్నాడు. ఇలాంటి చోట గూఢచారి దాక్కోవలసిన అవసరమేముందని హాతిమ్ విసుక్కున్నాడు. తన వంతు వచ్చినప్పుడు జేబులో పెన్ను కారింది, ఆ తడి వేళ్లతో మూతి తుడుచుకునేసరికి పెదవులు మొద్దుబారాయి. ఇల్కె బ్రాంట్ నవ్వి, మిగతా అందరికంటే అతని ఉచ్చారణే బాగుందని చెప్పింది.

ఇల్కె అందగత్తె. తేనెరంగు జుట్టు, నిటారు నడక, గడియారం చూసుకుని మరీ దగ్గే క్రమశిక్షణ. అరబ్బీ ఒక్క ముక్క రాదంది.

ఆ వారం పాఠం విందుకి పిలవడం గురించి. సమీహా వాళ్లమ్మ చేసిన బస్బూసా డబ్బా తెచ్చి ముందు టీచరు దగ్గర పెట్టింది. రవ్వ, నెయ్యి, పాకం వాసన గదంతా నిండిపోయింది.

“వద్దు, థాంక్స్,” అంది ఇల్కె.

“తీసుకోండి మేడమ్, ఒక్క ముక్క!”

“మా దేశంలో ఒకసారి వద్దంటే వద్దే. మళ్లీ అడగరు. తినాలని ఉంటే మొదటిసారే సరే అంటారు. ఇది పరీక్షలో వస్తుంది, రాసుకోండి.”

“అయ్య బాబోయ్!” అన్నాడు వెనక బెంచీలోంచి ఫార్మసిస్టు రాఫత్. “మా అత్తగారింట్లో అలా అయితే ఆకలితో చస్తాం. డాక్టరుగారూ, ఈ దవడ పన్ను ఓసారి చూడరూ?”

రాఫతే పావురమని హాతిమ్ తేల్చేసుకున్నాడు. ఎప్పుడూ సమీహా పక్కనే కూర్చుంటాడు, ఆమె ఎప్పుడొస్తుందని ఆరా తీస్తాడు. హాతిమ్ అతని వెంట ట్రాముల్లో తిరిగి తిరిగి కనిపెట్టిందేమిటంటే, అతను తిరుగుతున్నది దేశద్రోహానికి కాదు, హోంవర్క్ కాపీ కొట్టడానికి.

అంతలో ఇల్కె నుంచి కబురొచ్చింది. ముఠా కదిలిందట. హాతిమ్ సమీహాని వెంటనే రేవుకి తీసుకొస్తే, తను పడవలో దాటిస్తుందట. కర్నల్ ఫోన్‌లో, “ఆవిడ చెప్పినట్టు చెయ్యి” అన్నాడు.

గురువారం మధ్యాహ్నం, తూర్పు రేవు. మెట్ల కింద మోటారు పడవ గుడగుడలాడుతోంది. నడిపేవాడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని సముద్రం వైపే చూస్తున్నాడు. సమీహా చేతిలో బస్బూసా డబ్బా ఉంది. ప్రాణభయంతో పారిపోతూ కూడా మిఠాయి మర్చిపోని జాతి మాది.

“డాక్టరుగారూ, మా అమ్మకి చెప్పలేదు. మళ్లీ తిరిగొస్తానా?” అంది సమీహా.

“వస్తారు ఇంజనీరమ్మా. ఈవిడ చేతిలో ఉన్నారుగా,” అన్నాడు హాతిమ్. త్వరగా వదిలించుకుని ఇంటికి పోవాలని ఉంది అతనికి.

ఏం చెయ్యాలో తోచక సమీహా డబ్బా తెరిచి టీచరు ముందు చాపింది. “అమ్మ... చేసింది... తినండి,” అంది ఏ-టూ జర్మన్‌లో.

“వద్దు, వద్దు,” అంది ఇల్కె జర్మన్‌లోనే. కానీ అరచెయ్యి గుండె మీదికి వెళ్లింది. రెండో చెయ్యి డబ్బాని సమీహా వైపు నెట్టింది. సమీహా మళ్లీ తోసింది. ఇల్కె తల వెనక్కి వాల్చి కళ్లు మూసి, నువ్వు తినమ్మా అన్నట్టు మళ్లీ నెట్టింది. సమీహా ఒట్టు పెట్టింది. అప్పుడు ఇల్కె ముక్క తీసుకుని, విరిచి, పెద్ద సగం తిరిగి సమీహా చేతిలో పెట్టి, చిన్న సగం నోట్లో వేసుకుంది.

హాతిమ్ ఆ చేతులనే చూస్తున్నాడు. ఈ వరసంతా అతని మేనత్త చేస్తుంది. ఊళ్లో ప్రతి మేనత్తా చేస్తుంది. ముఠా ఆ మనిషికి యాస నేర్పింది, నడక నేర్పింది, జుట్టుకి రంగేసింది. చేతులకి మాత్రం నేర్పలేకపోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు!

సమీహా ఒక కాలు పడవలో పెట్టింది.

“మేడమ్, ఇంకో ముక్క తీసుకోండి,” అన్నాడు హాతిమ్ అరబ్బీలో. “మా అత్త మీద ఒట్టు.”

“దేవుడి తోడు, చాలు...” అంటూనే ఇల్కె ఆగిపోయింది. అరబ్బీ ముక్క నోట్లోంచి జారిపోయింది. చెయ్యి సంచీలోకి పోయి చిన్న పిస్టలుతో బయటికొచ్చింది.

పెన్ను ఈసారి కారలేదు. మందు సూటిగా కళ్లలో పడింది. ఆమె కెవ్వుమని మెట్ల మీద కూలబడింది, గుండు నీళ్లలోకి పోయింది. పడవవాడు సమీహా చెయ్యి పట్టి లోపలికి లాగి ఇంజన్ పెంచాడు. కట్టుతాడు తెగింది. గట్టుకీ పడవకీ మధ్య నీళ్లు వెడల్పవుతున్నాయి. హాతిమ్‌కి ఈత రాదు.

సమీహాకి మాత్రం ఇంజన్లు వచ్చు. వాడు మణికట్టుకి కట్టుకున్న, ఊడితే ఇంజన్ ఆగిపోయే ఎర్ర తాడుని బలంకొద్దీ లాగింది. ఇంజన్ టక్కున ఆగింది. వాడు తిట్టేలోగా డబ్బాతో మొహం మీద ఒకటిచ్చింది. పాకం కారుతున్న కళ్లద్దాలతో వాణ్ణి, పిస్టలు చప్పుడికి పరిగెత్తుకొచ్చిన రేవు పోలీసులు ఒడ్డుకి లాగారు.

పావురం అసలు పేరు ఇన్షిరాహ్, సొంత ఊరు అలెగ్జాండ్రియాకి దగ్గర్లోని దమన్‌హూర్. తామెవర్నీ పంపనేలేదని జర్మన్ వాళ్ల జవాబు అంతా ముగిశాక, ఎంతో పద్ధతిగా వచ్చింది. సమీహా ఇంటికి చేరి వాళ్లమ్మని పట్టుకుని భోరున ఏడ్చింది. హాతిమ్‌కి ఆ ఏడుపు ఎంతో హాయిగా వినబడింది.

మర్నాడు కర్నల్ వగ్దీ, ఆ ఆడమనిషిని మొదట్నుంచీ తనే అనుమానించినట్టు రిపోర్టు రాయించి, హాతిమ్ భుజం తట్టాడు.

“శభాష్! మా ఇంటికి రావోయ్, బాతు కూర తిందువుగాని.”

“సరే సార్. ఎన్ని గంటలకి రమ్మంటారు?” అన్నాడు హాతిమ్.

ఆ కేసు మొత్తంలో నిజంగా వలలో పడినవాడి మొహం ఎలా ఉంటుందో హాతిమ్ అప్పుడే చూశాడు.