తెల్లగుంత మలుపు

తెల్లగుంత మలుపు కాడ చీకటి పడ్డంక సైకిలు మీద పోతే వెనుక నుంచి ఎవరో గుంజుతరు... మా దిక్కు ఎవరిని అడిగినా ఇదే చెప్తరు.

మేళ్లచెరువు దిక్కు పోయే రోడ్డు మీద ఉంటదది. ఎన్నడో సున్నపురాయి తవ్వి ఇడిసిపెట్టిన గుంత. రోడ్డు అక్కడ ఏటవాలుగ దిగుతది. కుడి పక్క గుంత, ఎడమ పక్క సర్కారు తుమ్మ కంప. పొద్దుందాక మేకలు మేస్తయి. పొద్దుగూకితే మనిషి కనపడడు.

గుంజేటోని పేరు కూడ చెప్పేటోళ్లు జనం. ముజాహిద్ — అని.

గీ ముచ్చట నాకు ముజాహిద్ అక్క మెహరాజే చెప్పింది. చెప్తా చెప్తా ఏడుస్తదేమో అనుకున్న. ఏడ్వలే. పండ్లు పటపట కొరికింది.

ముజాహిద్ హుజూర్‌నగర్‌ల సెల్‌ఫోన్ల దుకాణంల పనిచేసేటోడు. సైకిలంటే పిచ్చి వానికి. అగ్గిపెట్టెంత యాక్షన్ కెమెరాలు రెండు కొనుక్కున్నడు. ఒకటి హ్యాండిల్‌కు, ఇంకోటి సీటు కింద వెనుకకు చూసేటట్టు బిగించి, సెలవు దొరికితే కృష్ణ ఒడ్డు దాక తొక్కేటోడు. ఆ వీడియోలు యూట్యూబ్‌ల పెట్టి, "ఆపా, జర చూడవే" అని అక్క వెంట పడేటోడు.

ఆ దినం మాత్రం కెమెరాలు ఇంట్ల ఛార్జింగ్‌కు ఉన్నయి. దుకాణం బంద్ చేసి వస్తున్నోడు ఇంటికి రాలే. తెల్లారి మేకలోళ్లు గుంతల వాని పీనుగను చూసిండ్రు. సైకిలు అప్పడం లెక్క నలిగి ఉన్నది.

జారి పడ్డడని ఠాణల రాసుకున్నరు.

"జారి పడితే సైకిలు మీద లారీ టైరు అచ్చులు ఎట్ల పడ్డయి సార్?" అని అడిగింది మెహరాజ్.

తర్వాత ఎండకాలంల మా ఊరి రైతు గుర్వయ్య సైకిలు మీద నుంచి పడ్డడు. మిరపతోటకు నీళ్లు పెట్టి వస్తుంటే మలుపు కాడ వెనుక నుంచి గుంజి కంపల పడేసిండ్రంట. "తెల్లగ... ఇంత ఎత్తున... నా పక్క నుంచే పోయింది. చప్పుడు లేదు... ఉత్త గాలి," అని ఊరంత చెప్పిండు.

ఇంకేమున్నది! మలుపు కాడి యాపచెట్టుకు మేకులు కొట్టిండ్రు, నిమ్మకాయలు కట్టిండ్రు. వాడకట్టు ఆమె ఒకతి వచ్చి, ముజాహిద్ తల్లితోని వాకిట్ల నిలబడే అన్నది — "నీ కొడుకును జర ఆపుకో తల్లీ. పిల్లలు గలోళ్లం."

ఆ తల్లి ఆ పూట ముద్ద ముట్టలే.

మెహరాజ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "సంపినోడు ఎవడో దర్జాగ తిరుగుతున్నడు. సచ్చినోన్ని పట్టుకొని దెయ్యం జేసిండ్రు! అమ్మీ, నేను పోత. అక్కడ ఏం లేదని వీడియో తీసి ఊరందరి మొకాన కొడత."

"వద్దు బేటీ... ఉన్నది నువ్వొక్కదానివి."

వినలే. బడికి తొక్కిన పాత సైకిలు బయటికి తీసింది. తమ్ముడు బిగించినట్టే రెండు కెమెరాలు బిగించింది. సీటు కిందిది వదులుగ ఊగుతుంటే ట్యూబు ముక్క చుట్టి గట్టిగ కట్టింది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయినంక బయలెల్లింది.

మలుపు కాడ యాపచెట్టు నిమ్మకాయలు కనపడంగనే ఒళ్లు మండిందట. సైకిలు ఆపలే.

దిగువల చక్రాలు వాటంతటవే తిరుగుతున్నయి... చైను కిర్రుమంటాంది... ఇంకేం చప్పుడు లేదు. కీచురాళ్లు కూడ —

ఊరుకున్నయి.

వెనుక నుంచి ఎవరో క్యారియర్ పట్టుకున్నట్టు సైకిలు బరువెక్కింది. తిరిగి చూద్దామనుకునే లోపల — ఒక్క గుంజు! సైకిలుతో సహా పోయి కంపల పడ్డది.

మోచేతుల నిండ ముండ్లు. తల ఎత్తింది. తెల్లగ... ఇంత ఎత్తున... చప్పుడు లేకుండ... తాను ఇప్పటిదాక ఉన్న జాగ మీదికెల్లే పోయింది. గాలికి చున్నీ మొకానికి అతుక్కున్నది.

"ఎవడ్రా?" అని అరిచింది.

గుర్వయ్య చెప్పింది నిజమేనా... అని ఒక్క గడియ ప్రాణం జల్లుమన్నది.

ఇంటికొచ్చి, ముండ్లు కూడ తియ్యకుండ ముందటి కెమెరా చూసింది. ఇంతింత చక్రాలు. టిప్పర్! సున్నపురాయి దుమ్ము కొట్టుకొని తెల్లబడ్డ టిప్పర్. బంద్ పడ్డ గుంతల దొంగతనంగ రాయి ఎత్తుకొని, లైట్లు ఆర్పి, ఇంజన్ బంద్ చేసి, న్యూట్రల్‌ల వదిలేసి దిగువకు జారిపోతాంది. వెనుక నంబరు మీద బురద పూసిండ్రు.

మనుషులు అటు రాకుండ దెయ్యం భయం ఈ రాయి దొంగలకు బాగనే పనికొచ్చింది.

మరి సైకిలు గుంజింది? చున్నీ చక్రంల పడ్డట్టుంది అనుకున్నది. వెనుక కెమెరా చిన్న తెరల చీకటి తప్ప ఏం కనపడలే.

ఆ టిప్పర్ తర్వాత దొరికింది. తోలినోడు జైల్ల ఉన్నడు. తోలిపిచ్చిన గుత్తేదారు బయటనే తిరుగుతున్నడు. మెహరాజ్ కోపం అందుకే ఇంక సల్లారలే. కానీ అంతకు ముందు, ఆమె కంపల పడ్డ తెల్లారి ఠాణల ఏమయిందో వినుండ్రి.

ఎస్సై ముందటి వీడియో చూసి కుర్చీల వెనుకకు వాలిండు.

"నంబరు కనపడతలేదు గదమ్మా. నువ్వొక్కదానివి చెప్తే ఎట్ల? పక్కన సాక్షి ఉండాలె."

"వెనుకది కంప్యూటర్‌ల పెట్టి చూడుండ్రి సార్."

పెట్టిండు. వెలుతురు పెంచిండు. చీకట్ల నుంచి తెల్లటి మొకం, టిప్పర్ ముందటి భాగం, పెద్దగయితాంది... నంబరు సాఫ్ కనపడ్డది! ఎస్సై ముందుకు వంగి, సౌండ్ పెంచిండు. చైను కిర్రు... మెహరాజ్ ఆయాసం... కంకర మీద టైర్లు నలిగే చప్పుడు...

వాటి నడుమ, కెమెరాకు ఆనుకున్నంత దగ్గర, గుసగుసగ —

"ఆపా... ఎడమకు... జల్ది..."

ధడ్. సైకిలు పడ్డ చప్పుడు.

రాసుకుంటున్న జవాను లేచి నిలబడ్డడు. ఎస్సై వీడియో వెనుకకు తిప్పిండు. మళ్ల విన్నడు.

"వెనుక ఎవరిని కూసోబెట్టుకున్నవ్?"

"ఎవరినీ లేదు సార్."

"మరి... ఈ గొంతు?"

ఆమె రెండు చేతులు బల్ల మీద ఆనిచ్చి ముందుకు వంగింది.

"జారి పడ్డడని రాసుకున్నరు గద సార్, వాని గొంతే. సాక్షి కావాలంటిరి... రాసుకోండ్రి. ముజాహిద్."