గ్యాస్ లైన్లో గురక

"దిగన్నా! గ్యాస్ కొట్టాలె."

ఎల్బీనగర్ సీఎన్‌జీ బంకు. మధ్యాహ్నం 2.40.

ఆపరేటర్ అరచేత్తో ఆటో టాపు మీద రెండు దెబ్బలు వేశాడు. గ్యాస్ నింపేటప్పుడు బండిలో ఎవరూ ఉండకూడదు. చంటిపిల్ల నిద్రపోతున్నా ఎత్తుకుని దిగాల్సిందే.

వెనక సీట్లో పడుకున్న మనిషి కదల్లేదు. ముఖం మీద తువ్వాలు.

ఆపరేటర్ తువ్వాలు లాగాడు. వెనక్కి గెంతాడు.

చనిపోయింది ఆటోడ్రైవర్ రామస్వామి. నల్గొండ నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో కిరాయికి ఉంటున్నాడు. తల వెనక ఎముక లోపలికి దిగబడింది. సీటు రెగ్జిన్ మీద రక్తం అట్టకట్టి ఉంది.

ఇన్‌స్పెక్టర్ సూర్యప్రభ 3.05కి వచ్చింది. గుంటూరు మనిషి. తెలంగాణ సమ్మె మొదలైనప్పటి నుంచీ ఆమె నోరు తెరిస్తే చాలు, యాస విని జనం మొహం తిప్పుకుంటున్నారు. అందుకే ఈమధ్య ప్రశ్నలు కుదించి అడుగుతోంది.

"వెనక బండి ఎవరిది?"

"నాదే మేడం. నా పేరు మహేందర్."

పాతికేళ్లవాడు. ఆటో అద్దానికి తెలంగాణ జెండా కట్టి ఉంది.

"లైన్లోకి ఎప్పుడొచ్చావు?"

"పదకొండుకు. అప్పటికే గీ బండి ఆఖరుకు ఉన్నది. అన్న తువ్వాల కప్పుకొని పండుకున్నడు."

"లేపలేదా?"

"ఎందుకు లేపుత? గ్యాస్ లైన్ల బండి న్యూట్రల్‌ల ఇడిసి అందరు పంటరు మేడం. లైను జరిగితే ఎనకోడు కాలుతోని తోస్తడు. ఉన్న జరంత గ్యాస్ కాల్చుకొని ఇంజన్ ఎవ్వడు చాలూ చేస్తడు?"

"చచ్చినవాణ్ణి తోసుకుంటూ వచ్చావా?"

"లే మేడం! బతికే ఉన్నడు. పన్నెండున్నరకు గూడ గురక ఇన్న. అందరం నవ్వినం. ఇంజన్ బందయినా అన్న సైలెన్సర్ మోగుతుందని."

ఆ మాటే అతని మెడకు చుట్టుకుంది.

ప్రాణం పోయింది ఒంటిగంటన్నర ప్రాంతంలో అన్నాడు డాక్టర్. పన్నెండున్నరకు బతికే ఉంటే, ఆ తర్వాత దగ్గరున్నది మహేందర్ ఒక్కడే. పైగా నిన్ననే ఇద్దరికీ గొడవ. ఆటోల బంద్ రోజు బండెందుకు తీసినవని మహేందర్ అతని కాలర్ పట్టుకున్నాడు. "తెలంగాణ ఒస్తే నీ ఆటో గాలితోని నడుస్తదా బే?" అని రామస్వామి పదిమందిలో ఎగతాళి చేశాడు.

సాయంత్రం ఆరింటికల్లా రిమాండ్‌కి పంపమని పైనుంచి ఫోన్.

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ కృష్ణ లాఠీ తీశాడు.

"ఏ కాలుతోని తోసినవ్ రా?"

మహేందర్ కుడికాలు చూపించాడు.

"చాపు."

అరికాలి మీద పడ్డ ఒక్కో దెబ్బా వరండా దాకా వినిపించింది. అక్కడ అతని భార్య గీత, ఒళ్లో నాలుగు నెలల పిల్ల. దెబ్బ పడ్డప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడి ఏడుస్తోంది.

సూర్యప్రభ బయటినుంచి వచ్చి, "ఆపండి" అని అరిచింది. అప్పటికే కాలు వాచిపోయింది.

"జెండ కట్టిండని మావోణ్ణి ఇరికిస్తున్నరా మేడం?" గీత ఎదురొచ్చి నిలబడింది. "ఆరు గొట్టినంక ఈ పిల్లను పట్టుకొని నేను యాడికి పోవాలె?"

"ముందు లోపలికెళ్లి పాపకు పాలు పట్టమ్మా. ఆరు ఇంకా కాలేదు."

సూర్యప్రభ మళ్లీ బంకుకు వెళ్లింది. రామస్వామి ఆటో పైపు దగ్గరే ఉంది. అందరూ వెనక సీటు చూశారు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని సీటు కింద చూసింది.

చాలాసేపు చూసింది.

"దీనికి గ్యాస్ కొట్టావా?"

"లేదు మేడం. పైపు పెట్టనే లేదు," అన్నాడు ఆపరేటర్. "నిన్న మాపటి సంది బంకుల గ్యాసే లేదు. రాస్తారోకోలు గదా. ట్రక్కు పన్నెండుకు ఒచ్చింది."

"దగ్గర్లో ఇంకెక్కడ దొరుకుతుంది?"

ఆపరేటర్ బంకు వెనక ఉన్న షెడ్డు వైపు చూసి తల దించుకున్నాడు.

5.10. షెడ్డు.

గోడకు పెద్ద బ్యానర్. 'మూడు జిల్లాల గ్రీన్ ఆటో భాగస్వామ్యం. పొగ లేని నగరం.' గ్యాస్ కంపెనీ, ఆటో యూనియన్లు కలిసి పెట్టిన స్కీమ్. పాత ఆటోలకు సీఎన్‌జీ సిలిండర్లు బిగించేది ఇక్కడే. కన్వీనర్ ప్రణీత్. బంకు నేల కూడా వాళ్ల కుటుంబానిదే.

సూర్యప్రభ అందరినీ అక్కడికే పిలిపించింది. మహేందర్ కుంటుకుంటూ వచ్చి నేల మీద కూర్చున్నాడు. పక్కన గీత. ఒక మూల రామస్వామి భార్య సైదమ్మ.

"రామస్వామి పొద్దున మీ దగ్గరికొచ్చాడా?"

"ఒచ్చిండు మేడం," అన్నాడు ప్రణీత్. "గ్యాస్ అడిగిండు. లైన్లకు పొమ్మన్న."

"ఇక్కడ గ్యాస్ లేదా?"

"ఆదివారం మా గ్రీన్ ఆటోల ర్యాలీకి రిజర్వు. మా నాయన అడిగినా ఇయ్య."

"తాళం?"

"నా నడుముకే ఉంటది," నవ్వాడు ప్రణీత్.

"మంచిది. అతని సీటు కింద గ్యాస్ మీటర్ ముల్లు చివరికంటా ఉంది. ఫుల్."

ప్రణీత్ నవ్వు ఆగిపోయింది.

"నిండు బండితో గ్యాస్ లైన్లో ఎవడైనా నిలబడతాడా? మేమూ ముందు చూడలేదు. మీరూ చూసుకోలేదు. స్టేజీలెక్కి ఆటోల గురించి మాట్లాడతారు గానీ మీరెప్పుడూ బతుకుతెరువుకు ఆటో తోలలేదు. డ్రైవరైతే మొదట చూసేది ముల్లే."

సైదమ్మ కొంగు నోట్లోంచి తీసింది. "కంపెనోళ్లు పనికిరావని పారేసిన సిలిండర్లకు పచ్చరంగేసి బిగిస్తున్నరని చెప్పిండు మేడం. బడిపిల్లలెక్కే ఆటోలకు గూడ. ఆదివారం స్టేజీ మీద అందరికి చెప్తనన్నడు."

"అందుకే నోరు మూయించడానికి ఫుల్ ట్యాంక్ కొట్టించారు," అంది సూర్యప్రభ. "అతను వద్దనలేదు. కానీ నోరూ మూసుకోలేదు. అవునా?"

"నా గ్యాస్ నింపుకొని నాకే ఎదురు మాట్లాడిండు!"

మాట జారింది.

కృష్ణ బల్ల కింద నుంచి సిలిండర్లు బిగించే పానా లాగాడు. దానికి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"వెనక సందులోంచి ఆటో తోలుకెళ్లి లైను చివర పెట్టారు. ముందున్న డ్రైవర్లు చాయ్ బండి దగ్గరున్నారు. పడుకున్నవాణ్ణి ఎవరూ లేపరు, తోస్తారు. శవం మీ షెడ్డులో కాకుండా జనం మధ్యలో దొరుకుతుంది. కానీ ఒక్కటే... అతనప్పటికి చావలేదు."

మహేందర్ తలెత్తాడు. "మరి ఆ గురక?"

"తల పగిలినవాడి ఊపిరి అలాగే వస్తుంది."

ప్రణీత్‌కు బేడీలు వేశారు. గీత భర్త భుజం పట్టుకుని లాగింది. "లే. ఇడిసిపెట్టిండ్రు. ఇంటికి పోదాం."

మహేందర్ లేవలేదు.

"లైను దవాఖాన ముంగట నుంచే ఒచ్చింది మేడం. గేటు కాడ మా బండ్లు ఆగినయ్. గురక అప్పుడే జోరుగ ఒచ్చింది. వాచ్‌మన్ తొవ్వ ఇయ్యమన్నడు. నేనే... జల్ది తోసిన."

పన్నెండున్నరకు ఆస్పత్రికి తీసుకొచ్చినా బతికేవాడని డాక్టర్ సూర్యప్రభతో చెప్పాడు. అది ఆమె ఎవరికీ చెప్పదల్చుకోలేదు.

చెప్పక్కర్లేకపోయింది. సైదమ్మ మూలనుంచి లేచి వచ్చి మహేందర్ ముందు నిలబడింది.

"ఏ కాలుతోని తోసినవ్ బిడ్డా?"

మహేందర్ వాచిన కుడికాలు ముందుకు చాపాడు.